ఎర్ర పట్టీ కట్టిన కర్ర

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. నది ఒడ్డున క్యాంపు సైటులో బండి ఆపాలి, టీ పెట్టుకోవాలి, సాయంత్రం దాకా కుర్చీల్లో కూర్చుని నీళ్లు చూడాలి. అందులో భయపడ్డానికి ఏమీ లేదు. కానీ లిఫ్టు మెకానిక్ నిద్ర లేచిందే భయంతో. తప్పు అతనిది కాదు, వృత్తిది. జనం మీట నొక్కి ఈల వేసుకుంటూ పై అంతస్తులకి పోతుంటే, వాళ్లని మోసే తాడు ఎంత అరిగిందో తెలిసినవాడు ఊళ్లో అతనొక్కడే. అలాంటివాడికి లోకంలో ఏదీ గట్టిగా కనిపించదు.

ఇంతకుముందు కొండకి బయల్దేరితే రాళ్లు జారతాయని సగం దారిలో వెనక్కి తిప్పాడు. అడవికి వెళ్తే ఎండుటాకులు అంటుకుంటాయని టీ కూడా కాచనివ్వలేదు. అందుకే ఈసారి భార్య బట్టలు మడతపెడుతూ ముందే చెప్పింది.

"ఈసారి గనక వెనక్కి తిప్పారో, ఇకమీదట సెలవులకి నేను మా తమ్ముడితోనే వెళ్తాను. మీరు ఇంట్లో కూర్చుని తాళానికి కాపలా కాయండి."

కోపంగా అనుంటే పర్వాలేదు. మెల్లగా అంది, అదీ అతని భయం. నదికి భయపడాలా, భయపడుతున్నట్టు కనిపించడానికి భయపడాలా తేల్చుకోలేక కుడితిలో పడ్డ ఎలుకలా బండెక్కాడు.

బండి బావమరిదిది. అతను పాత కార్ల వ్యాపారి. లోపలే పొయ్యి, పడకలు, తొట్టి ఉన్న పెద్ద వ్యాను. ఇంజను పొగ కక్కినా "ఏం కాదు బావా" అంటాడు, బ్రేకు కూసినా "ఏం కాదు బావా" అంటాడు. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం.

సైటు గేటు దగ్గర మెకానిక్ మేనేజరుని పక్కకి పిలిచాడు.

"ఈ నది ఎప్పుడైనా పొంగిందాండీ?"

"నేనొచ్చాక పొంగలేదు."

"మీరెప్పుడొచ్చారు?"

"మొన్న వానలు వెలిశాక."

మెకానిక్ వెంటనే బండి దగ్గరికి వచ్చాడు. మెట్ట మీద, గేటుకి దగ్గరగా ఒక జాగా ఖాళీగా ఉంది, అది తీసుకుందామన్నాడు.

"అది మరుగుదొడ్ల పక్కది బావా. అక్కడ నది కనిపించదు, వేరే చప్పుళ్లు వినిపిస్తాయి," అన్నాడు బావమరిది.

"నాకు పడుకుంటే కిటికీలోంచి నీళ్లు కనిపించాలి," అంది వాళ్లతో వచ్చిన అత్తగారు.

"కనిపిస్తే చాలమ్మా, దిగితే ఊరుకోను," అంది భార్య. "చన్నీళ్లు తగిలితే మోకాళ్లు పట్టేస్తాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు. దిగావంటే మళ్లీ నిన్ను ఎక్కడికీ తీసుకురాను."

"నేనెందుకు దిగుతానే, నాకేం చిన్నతనమా?" అంది అత్తగారు, చిన్నపిల్ల మిఠాయి కొట్టుని చూసినట్టు నదిని చూస్తూ.

బండి నీళ్ల పక్క వరసలోనే ఆగింది. మెకానిక్ అన్ని చక్రాల కిందా చెక్క దిమ్మలు పెట్టాడు. తర్వాత చీపురు కర్ర ఒకటి తీసి, పాడైన లిఫ్టు తలుపులకి కట్టే ఎర్ర పట్టీ దానికి చుట్టి, నేల మీద పడుకున్నంత పని చేసి, చెయ్యి చాపి, సరిగ్గా నీటి అంచున పాతాడు. కర్ర ఒడ్డున ఉన్నంతసేపూ బతుకు క్షేమం. నీళ్లలో ఉందంటే నది పెరుగుతున్నట్టు. ఇక బండి మెట్టు మీద కూర్చుని మధ్యమధ్య అక్కణ్నుంచే ఓ చూపు వేయడం. దగ్గరికి వెళ్లి చూసే ధైర్యమే ఉంటే కర్రతో పనేముంది?

టీ తాగి చూసేసరికి కర్ర చుట్టూ నీళ్లున్నాయి. ఉన్నపళంగా లేచి నిలబడిపోయాడు.

"ఏంటలా అయిపోయారు?" అంది భార్య.

"ఏం లేదు. నది బాగుంది."

"బాగుంది కదా?" అని నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా కాలమైంది. ఆ నవ్వు చూసి మిగిలిన మాట మింగేశాడు.

బండి ఆగిన కాసేపటికే అత్తగారు తల బరువుగా ఉంది, పొదల నీడలో నడుం వాలుస్తానని వెళ్లింది. కూతురు పిలిచినప్పుడు వచ్చి టీ తాగి, తల బరువు ఇంకా తగ్గలేదని మళ్లీ వెళ్లింది. ఈసారి చూస్తే కర్ర ఒడ్డుకి బారెడు దూరంలో ఉంది. మరోసారి చూస్తే నదిలోకి ఇంకా జరిగి, ఎర్ర పట్టీ నీళ్ల మీద అల్లాడుతోంది. మెకానిక్ పై ప్రాణాలు పైనే పోయాయి. బావమరిది చెవిలో విషయం ఊదాడు.

బావమరిది నవ్వాడు. కర్ర చూశాడు. నవ్వు ఆగింది. ఏం కాదనే మనిషికి ఏదో అవుతోందని అనిపిస్తే అంతకన్నా ఘోరం లేదు, భయం అలవాటుండదు గనక. తాళాల కోసం పరిగెత్తాడు.

"ఏమైంది?" అన్నాడు పక్క బండి పళ్ల డాక్టరు.

"పైన ఆనకట్ట ఏదో వదిలినట్టున్నారండీ," అన్నాడు మెకానిక్.

"ఆనకట్ట వదిలారట," అన్నాడు డాక్టరు అవతలి బండితో. మాట ఆ అవతలికి వెళ్లేసరికి ఆనకట్ట తెగింది.

బావమరిది బండిని ముందుకి దూకించాడు. దిమ్మలు ఎగిరిపడ్డాయి. పక్కన లాగి కట్టిన గుడ్డ పందిరి కుర్చీలతో సహా వెంట వచ్చింది. తీయడం మరిచిపోయిన నీళ్ల గొట్టం కుళాయిని వేళ్లతో సహా పెకలించింది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తున చిమ్మాయి. వెనక వస్తున్నవాళ్లు అవి చూసి "వచ్చేసిందిరోయ్" అని కేక పెట్టారు. సైటు సైటంతా మెట్ట ఎక్కి మరుగుదొడ్ల చుట్టూ ఇరుక్కుంది.

అప్పుడు భార్య అంది, "అమ్మ ఏదీ?"

ఆ హడావిడిలో ఆవిడా ఎక్కిందనే అందరూ అనుకున్నారు, చూస్తే పడక ఖాళీ. కిటికీలోంచి కింద నీటి అంచున జత చెప్పులు కనిపించాయి, వాటికవతల నదిలో ఎర్ర పట్టీ.

ఎలా దిగాడో మెకానిక్‌కి తెలియదు. ఎక్కే బళ్లకి ఎదురు పరిగెత్తి నీళ్లలో కాలు పెట్టాడు. ఈతకు మించిన లోతు లేదంటారు. ఈతే రానివాడికి పాదం మునిగితే సముద్రం. పిక్కలు మునిగాయి. మోకాళ్లు మునిగాయి. కాలి కింద ఇసుక కదిలినప్పుడల్లా తాడు తెగుతున్నట్టే ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని, కర్ర పట్టుకుని, "అత్తయ్యగారూ" అని అరిచాడు.

"కళ్లు మూసుకుని వెతుకుతారేంటి అల్లుడుగారూ?"

పొదల చాటున బల్లపరుపు రాయి మీద, నడుం దాకా తడిసి, కాళ్లు నీళ్లలో ఆడిస్తూ అత్తగారు బిస్కెట్లు తింటోంది.

"మీరు కొట్టుకుపోలేదా?"

"కర్ర ఉందిగా. పుణ్యం కట్టుకున్నారు, దిగడానికి ఊతంగా ఉంది. అమ్మాయి పిలిచినప్పుడల్లా ఎక్కడిదక్కడే గుచ్చేసి వచ్చేస్తున్నా."

మెకానిక్ నదిని చూశాడు. నది పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. తర్వాత మెట్టని చూశాడు. అత్తగారూ చూసింది, నమలడం ఆపింది.

"దిగానని తెలిస్తే అమ్మాయి నన్ను మళ్లీ ఎక్కడికీ తీసుకురాదు," అంది.

"వరద లేదని తెలిస్తే నన్నూ తీసుకురాదు."

 అత్తగారు బిస్కెట్ల పొట్లం కొంగున ముడేసుకుంది.

"అయితే వంగండి, వీపు మీద ఎక్కుతా."

మూలుగుతున్న అత్తగారిని మోసుకుంటూ అతను మెట్ట ఎక్కేసరికి మేనేజరు చెయ్యి ఊపుతూ ఎదురొచ్చాడు.

"నది ఉన్నచోటే ఉందయ్యా. ఎవరు లేపారీ పుకారు?"

"ఇప్పుడు తగ్గింది నాయనా," అంది అత్తగారు నీరసంగా. "నా నడుం దాకా వచ్చింది, చూడు. అల్లుడుగారు లేకపోతే నేను లేను."

తడిసి వణుకుతున్న ముసలమ్మతో వాదించే మేనేజరు ఇంకా పుట్టలేదు. బావమరిది తల వంచుకుని కుళాయి బాగుచేయడానికి పోయాడు. భార్య తల్లికి దుప్పటి కప్పి, కళ్లు తుడుచుకుని, మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ మీకు పిరికితనం అనుకున్నాను. నీళ్లంటే ఇంత ధైర్యమని నాకేం తెలుసు? వచ్చే సెలవులకి సముద్రం మీదికి పోదాం. పడవలోనే పడకలుంటాయట, వారం దాకా ఒడ్డు కనిపించదట."

"కర్ర మర్చిపోకండి అల్లుడుగారూ," అంది దుప్పటిలోంచి అత్తగారు.

మెకానిక్ కిందకి దిగి చెల్లాచెదురైన దిమ్మలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, పడవకి వీటిని ఏ పక్కన పెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టాడు.