మహానాయకులు దిగిన స్టేషను

కోడలు మామగారి నల్లకోటు దులుపుతోంది. టికెట్ కలెక్టరుగా ఆయన రిటైరై ఇరవయ్యేళ్లయినా, కోటు మాత్రం రోజూ డ్యూటీకి సిద్ధంగా ఉండాలి. అప్పుడే చరిత్ర శాఖ అధికారి గుమ్మంలోకి వచ్చి, చెప్పులైనా విడవకుండా ప్రకటన చదివాడు.

"యాభై ఎనిమిదేళ్ల కిందట మంత్రిగారి తండ్రిగారు, మహానాయకులు, ఈ పల్లెటూరి స్టేషనులో స్వయంగా రైలు దిగి, బెంచీ మీద మూడు గంటలు కూర్చుని ప్రజల గురించి ఆలోచించారు. కనుక ఈ స్టేషనుకు చరిత్ర ఉన్నట్లు ప్రభుత్వం నిర్ణయించింది. ప్రత్యక్ష సాక్షి మీరే. సంతకం పెట్టండి."

"ఆయన దిగలేదు, నేను దింపాను," అన్నారు మామగారు. "టికెట్ లేదు. జరిమానా కట్టమంటే, నేనెవరో తెలుసా అన్నాడు. తెలీదన్నాను. తర్వాతి బండిదాకా అక్కడే కూర్చున్నాడు."

"కాళ్లు ప్లాట్‌ఫారం మీద ఆనాయా, లేదా?"

"ఆనాయి."

"అయితే దిగారనే రాసుకుందాం," అన్నాడు అధికారి. సత్యం పట్ల ఆయనకున్న శ్రద్ధ అలాంటిది.

మామగారు పెన్ను ముట్టుకోలేదు. కోడలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మామయ్యగారూ, మనకి ఆగేది పొద్దుటి బండి ఒక్కటే. అదీ తీసేస్తామంటున్నారు. అది పోతే మీ మనవరాలి కాలేజీ చదువు అటకెక్కినట్టే. స్టేషనుకి చరిత్ర ఉంటే బండి ఉంటుంది. ఒక్క సంతకం."

ఆయన జీవితంలో మొదటిసారి టికెట్ లేని మనిషిని వదిలేశారు.

ఆపైన చరిత్ర చకచకా పెరిగింది. సోమవారం బెంచీకి అద్దాల పెట్టె బిగించారు. ప్రయాణికులు నిలబడ్డారు. బుధవారం మహానాయకుల పాదధూళి చెదరకుండా ప్లాట్‌ఫారం చుట్టూ తాడు కట్టారు. ప్రయాణికులు కంకర మీద నిలబడ్డారు. స్టేషను ఊడ్చే ఆమెను, ఎవరూ ఊడవకుండా కాపలా పెట్టారు.

శనివారం మంత్రిగారు సామాన్యుడిలా పొద్దుటి బండిలోనే, నూటయాభై మంది అనుచరులతో వచ్చారు. మైకు మామగారి వంటింటిదాకా వినిపించింది.

"బండి ఆగినప్పుడల్లా నేల అదురుతోంది. నాన్నగారి బెంచీ బీటలు వారితే భావితరాలు మనల్ని క్షమించవు. చరిత్రను కాపాడడం కోసం, రేపటి నుంచి ఈ స్టేషనులో ఏ బండీ ఆగదు."

చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. కోడలు మామగారి వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

మనవరాలు పుస్తకాల సంచితో తిరిగొచ్చింది. "నన్ను ఎక్కనివ్వలేదమ్మా. బండి ఇంకా అక్కడే ఉంది. మంత్రిగారి మనుషులు ఎక్కుతున్నారు."

"టికెట్లు తీసుకున్నారా?" అన్నారు మామగారు.

"కౌంటరు దగ్గరికి ఒక్కడూ వెళ్లలేదు తాతయ్యా. అయినా వాళ్లని అడిగేదెవరు?"

ఆయన లేచి, దులిపి ఉంచిన కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకున్నారు. పెట్టె అడుగు నుంచి పాత జరిమానా రసీదు పుస్తకం తీసి జేబులో వేసుకున్నారు. కోడలు బూట్లు తెచ్చి ముందు పెట్టింది.

ఆయన స్టేషను వైపు నడిచారు.