గదిని మింగిన పాలరాయి

ఆ ఆదివారం ఉదయం టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మూడింటికల్లా తన ఇల్లు కోటీశ్వరుల ఇల్లులా కనపడాలి. అదీ నెలాఖరున చేతిలో మిగిలిన చిల్లరతో.

మూడింటికి షాపు మేడం వస్తానంది. ఊళ్లో అంత ఖరీదైన బట్టల షాపు ఇంకొకటి లేదు. మేడం సరేనంటే ఏడాది పొడుగునా ఆ షాపు గౌన్లన్నీ టైలరమ్మ చేతిమీదుగానే వెళ్తాయి. ఇక వీధిలోవాళ్ల చినిగిన లాగులకు మాసికలు వేస్తూ, "చిన్న కుట్టే కదమ్మా, నిలబడి ఉంటాను, వేసిచ్చెయ్" అనిపించుకోనక్కర్లేదు. పన్నెండేళ్లుగా మిషను తొక్కి తొక్కి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఈ అవకాశం జారిపోతే ఇంకొకటి వచ్చేలోపు కళ్లు కూడా పోతాయని ఆమె భయం.

"మేడం చూడాల్సింది నీ కుట్టు కదా! మధ్యలో గోడలేం చేశాయి?" అన్నాడు భర్త. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. ప్రశ్నలు వేస్తాడు గానీ చెప్పిన పని మానడు. కాపురంలో ఆయన నేర్చిన విద్య అదొక్కటే.

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. మీరు ఆ స్టిక్కరు పట్టుకోండి."

ఫోనులో ఒక మహాతల్లి, గరిటె తిప్పినంత తేలిగ్గా ఇంటిని మేడగా మార్చే చిట్కాలు చెప్పింది. గోడలకు పాలరాయి బొమ్మున్న స్టిక్కర్లు అతికించాలి. ఎదురుగా నిలువెత్తు అద్దం పెడితే హాలు రెండింతలవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పనికి సంబంధించిన వస్తువేదీ కంటపడకూడదు. డబ్బున్నవాళ్ల ఇళ్లలో పని కనపడదట. టైలరమ్మకు ఈ మాట వేదవాక్కులా తోచింది.

దాంతో మిషను, దారపుండల డబ్బాలు, కత్తిరించిన ముక్కల మూటలు, కాలు విరిగిన కుర్చీలు అన్నీ చిన్నగదిలోకి వెళ్లిపోయాయి. తలుపు వేశాక ఇంకో చిక్కు వచ్చిపడింది. తళతళలాడే పాలరాయి మధ్య పెచ్చులూడిన ఆ పచ్చ తలుపు వెక్కిరిస్తున్నట్టుంది.

"దాని మీద కూడా అతికించెయ్యండి."

"తలుపు మీదా?"

"పిడి ఊడదీసి మరీ! గోడే అనుకోవాలి."

"లోపల ఎవరూ లేరుగా?"

"ఎవరుంటారు? మామయ్యగారు పొద్దున్నే పేపరు కొనడానికి వెళ్లారుగా. ఆదివారం కదా, సాయంత్రం దాకా రారు."

వెళ్లిన మాట నిజమే. పావుగంటలో తిరిగొచ్చి, హాలంతా జిగురు కంపు కొడుతోందని చిన్నగదిలో కుర్చీల వెనక చేరి, పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోయిన సంగతే ఎవరూ చూడలేదు. పెద్దాయన వినికిడి అంతంతమాత్రం. గుమాస్తా గీతకు గీత కలిపి, తడిగుడ్డతో బుడగ లేకుండా నొక్కి, పైనుంచి కిందిదాకా పాలరాయి పరిచేశాడు. అక్కడొక గది ఉండేదంటే కట్టినవాడు కూడా నమ్మడు.

సరిగ్గా మూడింటికి మేడం వచ్చింది. కూర్చోకుండానే నాలుగు గోడలూ చూసింది.

"సొంత ఇల్లేనా?"

"మరే! ఆయనే దగ్గరుండి కట్టించారు" అంది టైలరమ్మ. గుమాస్తాకు పొలమారింది.

"మిషను ఎక్కడుంది?"

ఈ ప్రశ్న వస్తుందని ఫోనులో మహాతల్లి చెప్పలేదు. "అబ్బే, ఇంట్లో అలాంటివి పెట్టుకోం మేడం. కుట్టడానికి పక్కవీధిలో వేరే చోటుంది."

"పదండి, చూద్దాం."

"తాళంచెవి... ఈయన దగ్గరుంది."

"ఈయన ఇక్కడే ఉన్నారుగా?"

గుమాస్తా జేబులన్నీ తడుముకుని, "అయ్యో, తాళంచెవి అక్కడే మర్చిపోయాను. లోపల!" అన్నాడు.

మేడం మొహం మాడిపోయింది. "పోయినసారి నేను పనిచ్చినావిడ ఇల్లు కూడా ఇలాగే అద్దంలా ఉండేది. మిషను మాత్రం చూపించలేదు. నా దగ్గర పని తీసుకుని ఎవరికో అప్పజెప్పింది. పెళ్లిలో ఒకావిడ చెయ్యెత్తేసరికి చంక దగ్గర గౌను పర్రుమంది. నా పరువు దానితోపాటే చిరిగింది. ఇక వెళ్తానండీ."

టైలరమ్మ నోరు తెరిచేలోపు బయటి తలుపు దబదబా మోగింది. ఎదురుగా ఇంటి ఓనరు. మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు పాలరాయి పరిపిస్తున్నారని ఎవరో చెవినేస్తే, చెప్పుల్లో కాళ్లు సరిగా పెట్టకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"రండి బాబాయిగారూ!" అంది టైలరమ్మ, ఆయన నోరు విప్పకముందే. "మేడం, మా బాబాయి."

ఏడేళ్లలో ఎన్నడూ లేని వరసకు ఓనరు బిత్తరపోయాడు. అద్దంలో కనపడిన పెద్దమనిషికి నమస్కారం పెట్టి, అది తానేనని తెలిసి ఇంకా మండిపడ్డాడు. అప్పుడు ఆయన చూపు పక్కగోడ మీద ఆగిపోయింది.

"ఇక్కడ ఒక గది ఉండాలే?"

"ఏ గది బాబాయ్?"

"నా గది! రెండు పడగ్గదుల ఇల్లు ఇచ్చాను మీకు. ఒకటేదీ?"

"ఇచ్చారా? అద్దెకా?" అంది మేడం.

"అద్దెకు కాక దానానికా? ఇల్లు నాదమ్మా! నన్ను అడక్కుండా గోడ కట్టి నా గది మింగేశారు. అరిగించుకుంటారు కూడా! ఏమయ్యా గుమాస్తా, దీని వెనక ఏముంది?"

"ఏమీ లేదండీ. ఉత్త గోడ."

గోడ దగ్గింది.

ఓనరు రెండడుగులు వెనక్కి వేసి అద్దానికి వీపు ఆనించాడు.

"ఒరే అబ్బాయ్" అంది గోడ, "ఇవాళ టీ పెట్టరట్రా?"

తర్వాత లోపలినుంచి తలుపు లాగిన చప్పుడు. పాలరాయి చర్రున నిలువునా చిరిగింది. భుజం మీద ఒక పాలరాయి ముక్క కండువాలా వేలాడుతుండగా మామయ్యగారు పేపరు పట్టుకుని బయటికి వచ్చారు. ఆయన వెనక మిషను, మూటలు, కుంటి కుర్చీలు, దాచిన బతుకంతా అందరికీ కనపడింది.

"అమ్మాయ్, చుట్టాలొచ్చారని చెప్పవేం?" అన్నారాయన.

టైలరమ్మకు ఏడుపు ఆగలేదు. "అద్దె ఇల్లే మేడం. ఆయన మా బాబాయీ కాదు, పిన్నీ కాదు. మిషను అదిగో. కుట్టేది నేనే, నా రెండు చేతులతోనే. మీలాంటి గొప్పవాళ్లు చూస్తే బాగుండదని దాచేశాను. సిగ్గేసింది."

మేడం చిరిగిన పాలరాయిని పక్కకు తోసుకుని చిన్నగదిలోకి వెళ్లింది. సగం కుట్టిన గౌను ఒకటి తీసి, లోపలివైపు తిప్పి, చంక దగ్గర రెండు చేతులతో బలంకొద్దీ లాగింది. కుట్టు కదల్లేదు. ఇంకోసారి లాగింది. మేడం వేళ్లు ఎర్రబడ్డాయి గానీ కుట్టు కదల్లేదు.

బయటికి వచ్చి గోడను గోటితో గీరి, "ఇదెవరు అతికించారు?" అంది.

గుమాస్తా నేరం ఒప్పుకున్నట్టు చెయ్యెత్తాడు.

"బుడగలు రాలేదే?"

"తడిగుడ్డతో నొక్కానండీ. పైనుంచి కిందికి."

"మా షాపులో ఇదే రకం వేయించాను. ఆర్నెల్లకే బొబ్బలెక్కింది. వచ్చే ఆదివారం ఖాళీగా ఉంటారా?"

టైలరమ్మ ముక్కు తుడుచుకోవడం మర్చిపోయింది. "మీ షాపులో... అది అసలు పాలరాయి కాదా?"

"పాలరాయా, నా మొహమా! అంత స్తోమతే ఉంటే ఎండలో మూడంతస్తులెక్కి ఇక్కడికొస్తానా? కూతురు పెళ్లయ్యాకే మెళ్లో అసలు హారం వేసుకుందామని ఇదిగో, దీంతో కాలక్షేపం చేస్తున్నాను" అంటూ మేడం తన హారాన్ని చిరాగ్గా ఎత్తి వదిలింది. అది ప్లాస్టిక్కులా టకటకమంది.

ఓనరు గొంతు తగ్గించి, "గుమాస్తా గారూ, పై అంతస్తులో నాకు రెండిళ్లు ఖాళీగా ఉన్నాయి, వాటి గోడలకు కూడా..." అన్నాడు. 'ఏమయ్యా' కాస్తా 'గారూ' అయింది.

టైలరమ్మకు పని దొరికింది. అయితే కుట్టు కళ్లముందు జరగాలని మేడం పట్టుబట్టి, మిషనును షాపు వెనకగదిలోకి మార్పించింది. కొనేవాళ్లకు పని కనపడకూడదు కాబట్టి ఆ గది తలుపు మీద కూడా పాలరాయి పరిపించింది. అతికించింది మొగుడే. లోపలినుంచి మిషను చప్పుడు వినపడి ఎవరైనా అడిగితే, ఏసీ పాతదైపోయిందని మేడం నవ్వుతూ చెబుతుంది.

ఆ షాపు మొత్తంలో నికార్సయినది టైలరమ్మ కుట్టు ఒక్కటే. అది గౌను లోపలివైపు ఉంటుంది.