అల్లుడుగారు పరచిన రాతి బాట

పెరటి బాటను తాపీమేస్త్రీ చేత వేయించుకునేవాడు పరమ అభాగ్యుడు! మేస్త్రీ పొద్దున్నే వస్తాడు, రాళ్ళు పరుస్తాడు, చేతులు కడుక్కుని పోతాడు. అంత సులువుగా ముగిసే కార్యంలో తపస్సెక్కడిది? పుణ్యమెక్కడిది?

మా అల్లుడుగారిని చూడండి, చదువరులారా! కిందటి వానలకు మా ఇల్లాలు పెరటి బురదలో జారిపడి మోకాలు బెణికించుకున్నది. వంటగది గుమ్మం నుంచి పూలమొక్కల దాకా కాలికి తడి అంటకుండా వెళ్ళి రావాలన్నదే ఆమె కోరిక.

"మేస్త్రీ దేనికత్తయ్యా, నేను లేనూ? వీడియో చూశాను. ఒక్క ఆదివారం పని!" అన్నారు అల్లుడుగారు.

ఆయన ఆజానుబాహువు. కాళ్ళూ ఆ చేతులకు తగ్గ పొడవే.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. మందరపర్వతమంత ఇసుక వచ్చి పెరట్లో పడింది. పార, గమేళా, దిమ్మిస, రబ్బరు సుత్తి, మోకాళ్ళకు మెత్తలు! యుద్ధానికి బయలుదేరే మహారథుడు సైతం ఇన్ని ఆయుధాలు ధరించి ఉండడు.

ఇందువల్ల కలిగే లాభాలు అన్నీ ఇన్నీనా? ఆఫీసులో ఎవరికీ తల వంచని అధికారి మా పెరట్లో పూటంతా భూమాతకు సాష్టాంగపడ్డారు. వినయం నేర్పడానికి ఇంతకు మించిన గురుకులం ఉన్నదా?

రాయి సమంగా ఉందో లేదో చెప్పే రసమట్టంలోని గాలిబుడగ గీతల నడుమ నిలిచేదాకా ఆయన ఊపిరి బిగబట్టేవారు. యోగులు ఏళ్ళతరబడి సాధించే కుంభకాన్ని ఒక బుడగ పూటలో నేర్పింది!

ఇక దాంపత్యమా? మా అమ్మాయి భర్త నడుముకు తైలం మర్దిస్తూ, "మేస్త్రీకి కూడా పెళ్ళాం రోజూ ఇలాగే రాస్తుందా నాన్నా?" అని అడిగింది.

"వాడికి నడుము పట్టదు కాబోలమ్మా," అన్నాను. అల్లుడుగారు వినిపించుకోలేదు. అదీ స్థితప్రజ్ఞత!

రాతికీ రాతికీ నడుమ ఎడం ఎంత ఉండాలి? దానికీ శాస్త్రమున్నది. "మామూలుగా నడవండి, పాదం పడ్డచోట రాయి వేయండి," అని వీడియోలో సెలవిచ్చారట. ఆయన మామూలుగా నడిచారు. పాదం పడ్డచోటల్లా రాయి వేశారు. తప్పు పట్టడానికి మనమెవరం?

బాట పూర్తయిన మరునాడు చిన్న జల్లు పడింది. శుభశకునం! మా ఇల్లాలు మొదటి రాతి మీద రెండు పాదాలూ మోపింది. రెండో రాతి వంక చూసింది. చీర కొద్దిగా ఎత్తిపట్టి కాలు చాచింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నది.

పురాణకాలంలో పాదం సోకి రాయి ఇంతి అయింది. మా పెరట్లో ఇంతి రాతి మీద పాదం మోపి, తానే రాయైపోయింది! మూడడుగులతో ముల్లోకాలు కొలిచిన స్వామికి తప్ప ఆ బాట అన్యులకు అలవి కాదు.

"ఎలా ఉందత్తయ్యా?"

"చాలా బాగుంది బాబూ," అన్నది కదలకుండా. అల్లుడి పనికి వంక పెట్టే అత్తగారు ఇంకా పుట్టలేదు కదా!

"నచ్చిందా! అయితే వీధి గుమ్మం ముందు సిమెంటు పగలగొట్టించి, అక్కడా ఇవే వేసేస్తాను!"

కత్తివాటుకు ఆమె ముఖాన నెత్తురుచుక్క లేదు. పెరడు పోతే పూలు పోతాయి. వీధి గుమ్మం పోతే? శేషజీవితమంతా గృహనిర్బంధమే!

"అలాగే బాబూ. ముందు నా చెయ్యి పట్టుకుని ఆ మొక్కల దాకా తీసుకెళ్ళండి," అన్నది.

ఆయన సంతోషంగా చెయ్యి అందించి రెండో రాతి మీదికి అంగ వేశారు. ఆమె బురదలో దిగింది. పట్టిన చెయ్యి వదలలేక ఆయనా దిగారు. వెంట్రుకవాసి ఎగుడుదిగుడు లేని రాళ్ళు పక్కన మెరుస్తుండగా, అత్తా అల్లుడూ మడమలు మునిగే బురదలో నడిచారు. సగం దారిలో ఆయన ఆగి వెనక్కి చూశారు. ఆయన అడుగు ఒకటి పడినచోట ఆవిడవి రెండు, చిన్నవి, దగ్గరదగ్గరగా.

అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"అయ్యో అత్తయ్యా! ముందే ఒక్క మాట చెప్పకూడదా?"

"ఒక్కో రాయినీ ఎంతో ఆప్యాయంగా పలకరిస్తున్నారు కదా బాబూ," అన్నది మా ఇల్లాలు, "నా వంతు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాను."