షరతుల్లేని సిద్ధాంతం

లెక్కల చరిత్రలోనే మొదటిసారిగా, ఏ షరతూ లేని సిద్ధాంతాన్ని ప్రజలకు అంకితం చేసిన ఘనత మా మంత్రిగారిది. ఆయన పత్రికా ప్రకటనలు రాసే ఉద్యోగిని కనుక ఆ ఘట్టాన్ని కళ్ళారా చూశాను.

సిద్ధాంతం నిజానికి మా వదినది. గణిత పరిశోధన సంస్థలో ఏళ్ళ తరబడి టెంపరరీ. కొత్త భవనం ప్రారంభోత్సవంలో మంత్రిగారు ఆ సిద్ధాంతాన్ని ప్రకటించి, ఆ వేదిక మీదే పోస్టు పర్మనెంట్ చేస్తామన్నారు. ఇంటిల్లిపాదీ ఆ రోజు కోసం కాచుకుని ఉన్నాం.

ముందురోజు మంత్రిగారి ఛాంబర్‌లో వదిన వివరించింది. "హిల్బర్ట్ స్పేస్‌లో ఆపరేటర్లుంటాయండీ. ఒక వెక్టర్, అంటే పొడవూ దిశా ఉన్న బాణం లాంటిది, ఇస్తే ఇంకో వెక్టర్‌గా మార్చి ఇస్తాయి. వాటిలో ఒక ప్రత్యేక తరగతిని గుర్తుపట్టాలంటే రెండు షరతులు."

"ఆ స్పేస్ ఎవరి పేరున ఉందమ్మా?"

"హిల్బర్ట్ అని, పాతకాలం లెక్కలాయన పేరునండీ."

"వారసులొచ్చి గొడవ చెయ్యరు కదా. సరే, చెప్పు."

"మొదటిది, వెక్టర్ పొడవు తగ్గకూడదు, పెరగకూడదు. ఎంతిస్తే అంతా అవతలికి చేర్చాలి."

మంత్రిగారు సెక్రటరీ వైపు జాలిగా చూశారు. "అంతానా? మధ్యలో ఖర్చులుంటాయి కదయ్యా."

సెక్రటరీ ఆ షరతు కొట్టేశాడు.

"రెండోది, చేసిన పనిని వెనక్కి తిప్పగలగాలి."

"మా ప్రభుత్వం వెనక్కి తిరగదు."

అదీ పోయింది.

వదిన గొంతు సవరించుకుంది. "షరతుల్లేకపోతే ప్రతి ఆపరేటరూ ఆ తరగతిలోకి వచ్చేస్తుందండీ. సున్నా ఆపరేటర్ అని ఒకటుంది, ఏమిచ్చినా సున్నా చేసి పెడుతుంది. అది కూడా."

"రానీ తల్లీ. మేం ఎవర్నీ వదులుకోం."

బయటికొచ్చాక, "ఒప్పుకో వదినా, పోస్టు ముఖ్యం" అన్నాను.

"తప్పుడు సిద్ధాంతం మీద నా పేరుంటుంది అబ్బాయ్."

"ఉండదులే" అన్నాను. మాట నిలబెట్టుకున్నాను. ప్రకటనలో మంత్రిగారి పేరే రాశాను.

మర్నాడు వేదిక మీద వదిన ఆ షరతుల్లేని సిద్ధాంతాన్నే బోర్డు మీద రాసింది. చప్పట్లు ఆగలేదు. ఆ ఊపులో మంత్రిగారు, సిద్ధాంతానికే లేని షరతులు పోస్టుకు మాత్రం ఎందుకని, అర్హతలన్నీ అక్కడికక్కడే రద్దు చేశారు. ఏ అర్హతా అక్కర్లేని పోస్టుకు ఏ అర్హతా లేనివారిని ఎంచుకోవడమే న్యాయం కనుక, ముందు వరసలో కూర్చున్న తన బావమరిదిని పిలిచారు.

బావమరిదిగారు వేదికెక్కి, వదిన చేతిలోని సుద్దముక్క అందుకుని, బోర్డు మీదున్నది ఆసాంతం చదివారు.

"ఇంతేనా" అన్నారు. "చాలా కష్టంగా ఉంటుందని భయపెట్టారే నన్ను."