జంట బిళ్ళల రద్దు ఫారం

మనిషికి ప్రశాంతతను మించిన ఆరోగ్యం లేదని నరసరావుపేటలోని ఒక వ్యసన విముక్తి కేంద్రం అధికారికంగా తేల్చేసింది. ఈ సత్యం వైద్య గ్రంథాల్లోంచి రాలేదు, వేలిముద్రల మిషన్లోంచి వచ్చింది.

నొప్పి మాత్రలకు అలవాటుపడి, మానుకుందామని అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది క్వారీ కూలీలు. రాళ్ళు మోసీ మోసీ వాళ్ళ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర పడితేనే మందు ఇస్తారు, మిషనేమో వాళ్ళను గుర్తించదు. ఒళ్ళంతా పీకుతూ, ముక్కు కారుతూ గంటలకొద్దీ క్యూలో నిలబడ్డవాళ్ళు మిషన్‌ను నానా మాటలూ అనేవారు. దాంతో పైవాళ్ళు కమిటీ వేశారు. మిషన్ మార్చాలంటే టెండరు పిలవాలి, మనిషిని నిద్రపుచ్చాలంటే ఒక సంతకం చాలు (కమిటీ భోజనానికి ముందే ఏకాభిప్రాయానికి వచ్చింది). ఆనాటి నుంచి, నొప్పి మాత్రల యావ చంపడానికి నాలుక కింద పెట్టుకునే మందుబిళ్ళతో పాటు అందరికీ ఒక మత్తుబిళ్ళ.

ఈపూరు కృపమ్మ భర్త దానయ్య అలా రెండు బిళ్ళల మనిషయ్యాడు. క్వారీలో నడుం పట్టేసినప్పుడు మొదలైన మాత్రలు నాలుగేళ్ళు అతన్ని పీల్చి పిప్పి చేశాయి. నాలుక కింది బిళ్ళ పుణ్యమా అని రెండు నెలలుగా వాటి జోలికి పోలేదు. ఆ బిళ్ళంటే కృపమ్మకు భక్తి. భయమల్లా రెండోదంటేనే. అది పడ్డాక దానయ్య వరండా బల్లమీద ఒరిగిపోతాడు. ఒక ఊపిరి తీసుకుని, ఇంకోటి అవసరమా అని ఆలోచిస్తున్నట్టు ఆగుతాడు. ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కనే కూర్చుంటుంది.

మందులిచ్చే ఫార్మసిస్టు ఫరా ఒకరోజు గొంతు తగ్గించి చెప్పింది.

"ఈ రెండూ కలిస్తే ఊపిరి మందగించిద్ది పిన్నీ. ఒక్కోసారి ఆగిపోయిద్ది. ఎవరికి అవసరమో డాక్టరు చూసి రాయాల గానీ, ఇట్టా పప్పుబెల్లాల్లా పంచగూడదు. నేను పైకి రాసిచ్చా, ఎవరూ పట్టించుకోలా."

కృపమ్మ ప్రశాంతతాధికారి నాగేంద్రబాబు గారి దగ్గరికి వెళ్ళింది (ఆ పదవి కూడా కమిటీయే సృష్టించింది).

"రెండో బిళ్ళ తీసేయండి సారూ. మా ఆయనకు ఊపిరి సరిగ్గా ఆడటంలా."

"ఊరికే వద్దంటే మొదటిదీ రాదమ్మా. రెండూ జంట."

"మొదటిది లేకపోతే మళ్ళా ఆ మాత్రలకే పోతాడు గదా."

"అందుకేగా రద్దు ఫారం పెట్టింది" అన్నాడాయన దయగా. "రోగి స్వయంగా వచ్చి, పూర్తి స్పృహలో నిలబడి, పదకొండింటికి ఇవ్వాలి."

"రోజూ తొమ్మిదింటికే మీ ముందర మింగిస్తారు. పదకొండింటికి లేచి నిలబడేదెట్టా?"

"మేం సిద్ధంగానే ఉంటున్నామమ్మా. ఇంతవరకూ ఒక్కరూ ఫారం ఇవ్వలేదు. అంటే ఎవరికీ అభ్యంతరం లేదనేగా?"

ఆ తర్వాతి మంగళవారం పదిన్నరకు దానయ్య ఊపిరి ఆగి, మళ్ళీ రాలేదు. పెదాలు నల్లబడ్డాయి. కృపమ్మ అతని గుండెలమీద చరుస్తూ వరండా అదిరిపోయేలా అరిచింది. ఫరా పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టింది, డాక్టరును పిలిపించి ఇంజెక్షన్ చేయించింది. కాసేపటికి దానయ్య కళ్ళు తెరిచి, "ఏందే ఆ కేకలు?" అన్నాడు. కృపమ్మ అప్పుడు ఏడ్చింది.

నాగేంద్రబాబు గారు కూడా రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. వరండాలో నలభై మంది నిద్ర చెడిందని రాసుకున్నాడు. కృపమ్మ పేరుతో కొత్త కార్డు తెరిచి, ఒక మత్తుబిళ్ళ, గ్లాసుడు నీళ్ళు ఆమె ముందు పెట్టించాడు.

"చానా ఆందోళనగా ఉన్నారమ్మా. వేసుకోండి."

"నేనూ పడుకుంటే ఈయన ఊపిరి ఎవరు చూస్తారు?"

"దానికి మా దగ్గర కాలమ్ లేదమ్మా."

కృపమ్మ గ్లాసులో నీళ్ళు దానయ్యకు తాగించి, బిళ్ళను నాగేంద్రబాబు గారి రిజిస్టరు మీదే పెట్టేసింది. చికిత్సకు సహకరించని రోగి కింద ఆ రోజు నమోదైంది ఆమె ఒక్కతే.