కొమ్మరాజుగారి ఎగ్రీజియస్ బిరుదు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే నేను ఈ చివర తుమ్మితే ఆ చివరివాళ్లు మర్నాటి మధ్యాహ్నానికి 'చిరంజీవ' అన్నారు, ఒక దుప్పుల మంద ఉండేది.

మందకి అధ్యక్షుడు కొమ్మరాజు. ఆయన కొమ్ముల్లో రెండు మబ్బులు ఇరుక్కుని ఆ ఏడు వానలు ఆలస్యమైతే, ఊడదీసి పంపినవాణ్ణి నేనే. మందకి కాపలా తోకేశం అనే కొండముచ్చు. చెట్టెక్కి కూర్చుని, పులి కనబడితే అరవాలి. అదొక్కటే పని. తీరిక వేళల్లో దిగివచ్చి అధ్యక్షులవారి వీపు గోకేవాడు. తీరిక వేళలంటే అన్ని వేళలూ.

అలా గోకుతుండగా ఒకనాడు పులి వచ్చి, చుక్కమ్మ అనే దుప్పి పెద్దపిల్లను ఎత్తుకుపోయింది. ఇక మిగిలింది చిన్నపిల్ల.

"ఇదీ పోకముందే కాపలాకి నెమలిని పెట్టండి" అని చుక్కమ్మ ఫిర్యాదు చేసుకుంది.

ఫిర్యాదు ఇంగ్లీషులోనే ఉండాలని రూలు. మన భాషలో రాస్తే అందరికీ అర్థమైపోతుంది, ఇంక అధ్యక్షుడెందుకని కొమ్మరాజు వాదన. అందుకని, పన్నెండేళ్లు ఒక ఇంగ్లీషు మాస్టారి కిటికీలో కాపురమున్న గోరింక పంతులు రాసిపెట్టాడు: 'తోకేశంది ఎగ్రీజియస్ నిర్లక్ష్యం.'

ఆ మాట వినగానే కొమ్మరాజుకి నోరూరింది. "ఏమిటి పంతులూ దీనర్థం?"

మందవారి నిఘంటువు తెరిచారు. 'లాటిన్ మాట. మందలోంచి వేరుగా నిలిచినది అని మూలం. పూర్వం మహానుభావులను ఇలా మెచ్చుకునేవారు. ఇప్పుడు...' అంతవరకే ఉంది. తక్కిన సగం పుట చెదలు తినేశాయి.

"ఇప్పుడది తిట్టండి" అన్నాడు గోరింక. "నాలుగైదు వందల ఏళ్ల కిందటే మాట తలకిందులైంది. అందరిలోకీ కొట్టొచ్చినట్టు కనబడే చెడ్డకే వాడాలి. ఎగ్రీజియస్ తప్పు, ఎగ్రీజియస్ అబద్ధం, అలా."

"చెదలు తిన్నది రికార్డులో లేనట్టే" అన్నాడు కొమ్మరాజు. "ఉన్నంతవరకు చూస్తే చుక్కమ్మ మన తోకేశాన్ని మెచ్చుకుంది. కాబట్టి వాడికి ఎగ్రీజియస్ బిరుదు. అధ్యక్షుణ్ణి కదా, ముందు నాకు."

తోకేశం పళ్లికిలించి, "తమరి వీపు గోకినందుకు ఇంత మర్యాదా, అయ్యగారూ" అన్నాడు.

చుక్కమ్మ పిల్లవంక చూసుకుంది. ఏడవలేదు.

"అలాగే కానివ్వండి. కానీ అర్థం ప్రకారం జరగాలిగా, అయ్యా. అందరి మధ్యా నిలబడి పుచ్చుకుంటే వేరుగా నిలిచినట్టెలా అవుతుంది? అదిగో, ఆ మైదానంలో పుచ్చుకోండి. మేం ఇక్కణ్ణుంచే చూసి తరిస్తాం."

"ఆడదానివైనా వ్యాకరణం తెలుసే నీకు" అని మురిసిపోయాడు కొమ్మరాజు.

సన్మానం రోజున మంద మంద అంతా పొదల దగ్గరే ఉండిపోయింది. అరమైలు అవతల, చెట్టన్నది లేని బయలులో, అడవిమల్లె దండలతో ఇద్దరే నిలబడ్డారు. కాపలాచెట్టు మీద చుక్కమ్మ పిలిపించిన నెమలి కూర్చుంది.

నెమలి అరిచింది. ఆ అరుపుకి మూడు కొండలు బీటలిచ్చాయి, అబద్ధమైతే నా మీసం గొరిగించుకుంటాను. మంద పొదల్లో దూరింది. చుక్కమ్మ పిల్ల అందరికంటే ముందు దూరింది.

"మనకి జేజేలు కొడుతున్నారు, తలెత్తి నుంచో" అన్నాడు కొమ్మరాజు. ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

తోకేశం సగం తోకతో వచ్చి పడ్డాడు. మూలుగుతూ, "పంతులూ, నా పేరు ముందునుంచి ఆ మాట కొట్టెయ్యి, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు.

"ఉండనీవోయ్" అన్నాడు గోరింక. "ఇన్నాళ్లకి దాన్ని సరైన చోట వాడాం."

నీతి: మందలోంచి వేరుగా నిలిచినవాణ్ణి మనసారా ఆదరించేది పులి ఒక్కటే.