బొంత కప్పుకున్న ఇంజన్ తలకాయ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మా పాప స్వర్ణకు ఆయాసం వచ్చిన రోజున మా కారుకు తలకాయ లేకుండా ఉండటం.

అయినా సరే, అందరి ముందూ చెబుతున్నాను. ప్రతి ఇంట్లో కనీసం ఒక మొగుడు తన కారు హెడ్ గాస్కెట్ తానే మార్చాలి! మెకానిక్‌కు ఇచ్చి, బాగుచేయించి తెచ్చుకుంటే ఇంటికి ఏం కళ?

తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వాకింగ్‌కు పోయే దారిలోనే మా ఇల్లు. మా ఆయన పరుశురాం అక్కడే చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పాపను వేళకాని వేళ ఆసుపత్రికి తీసుకుపోవడానికని ఒక పాత కారు కొన్నాం. మొన్న అది సిగ్నల్ దగ్గర పొగలు కక్కింది. మూత తీసి చూస్తే ఆయిల్ చాయ్ రంగులోకి మారింది. ఇంజన్‌కూ దాని తలకాయకూ, అదే హెడ్‌కూ, నడుమ ఉండే పలచటి గాస్కెట్ కాలి, నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయట.

మెకానిక్‌ను పిలుద్దామన్నాను.

"గాస్కెట్ అంటే గాస్కెటే. కుక్కర్‌కు నువ్వు మారుస్తలేవా?" అన్నాడు.

నిజమే! కాకపోతే నేను వీడియోలు చూడకుండా, వంట ఆపకుండా మారుస్తాను. అందుకే ఇంతవరకు ఒక్కరూ మెచ్చుకోలేదు.

ఏ బోల్టు ఎక్కడిదో తెలియాలని అన్నిటినీ నా పోపుల డబ్బాలో సర్దాడు. ఆవాల గిన్నెలో ముందటివి, మెంతుల గిన్నెలో వెనకటివి. చారుకు తాలింపు లేదు గానీ ఇంటికి క్రమశిక్షణ వచ్చింది. ఇది లాభం కాదా?

ఇక మనుషులంటారా! ఇన్నేళ్లూ మా గేటు వైపు చూడని వాకింగ్ వాళ్లంతా ఇప్పుడు బానెట్ కింద తలలు పెట్టి పరామర్శిస్తున్నారు. విప్పిన హెడ్‌ను మా ఆయన ఇంట్లోకి తెచ్చి, స్వర్ణ బొంత కప్పి, బల్ల మీద పడుకోబెట్టాడు. పురిటి బిడ్డను చూడవచ్చినట్టు వచ్చి చూసి, నా చేతి చాయ్ తాగి పోతున్నారు.

ఒకాయన దాన్ని పెట్రోల్‌తో కడగమన్నాడు, ఒకాయన కిరసనాయిల్‌తో. మా ఆయన ఎవరినీ నొప్పించే మనిషి కాదు. ఇంట్లోనే రెండింటితోనూ కడిగాడు.

రామంతాపూర్ నుంచి వచ్చే రిటైర్డ్ ఆఫీసర్ అచ్యుతరామయ్యగారు మరీ శ్రద్ధ గల మనిషి. "దుమ్ము నలుసు పడొద్దు తమ్మీ, కిటికీలు మూయి" అన్నారు. వెంటనే మూతపడ్డాయి. ఆ వాసన పాపకు పడదు, తెరవమని నేనన్నాను. నేను ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని, నాకు హెడ్ గురించి ఏం తెలుసు?

"గంట సేపు ఊకో. అయిపోతది" అన్నాడు మా ఆయన.

గంట కాకముందే స్వర్ణకు ఎగశ్వాస మొదలైంది. కారు బయట, దాని తలకాయ లోపల! పాపను ఎత్తుకుని ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికాను. ఆయన కూడా వెంట ఉరికొచ్చాడు, ముఖంలో నెత్తురు లేదు. కానీ రెండు చేతులూ ఆయిల్‌తో నల్లగా ఉన్నాయి, పాప గౌనుకు మరక అంటుతుందని పైకెత్తి పట్టుకున్నాడు. బిడ్డను అందుకునే చెయ్యి ఒక్కటీ లేదు.

ఆసుపత్రిలో మాస్క్ పెట్టి ఆవిరి పట్టారు, ఊపిరి కుదుటపడింది. తిరిగొస్తే కిటికీలు మూసే ఉన్నాయి.

మరునాడు పొద్దున అచ్యుతరామయ్యగారు వచ్చి నేరుగా బొంత అంచు ఎత్తి చూశారు. పక్క మంచం మీదే స్వర్ణ ఆసుపత్రి వాళ్లిచ్చిన మాస్క్‌తో కూర్చుని ఉంది.

"రాత్రి చెమ్మ ఏం తగల్లేదు గదా బిడ్డా?"

హెడ్‌కు తగల్లేదని చెప్పాను.

కాబట్టి క్యాంపస్‌లో వాకింగ్ చేసే పెద్దలకు ఒక మనవి. నల్లకుంట నుంచి వచ్చేవారైనా, గోల్నాక నుంచి వచ్చేవారైనా, మా బానెట్‌లోకి తప్పకుండా వంగి చూడండి. నడుము ఎత్తేటప్పుడు మాత్రం ఒకసారి కిటికీ తట్టి, లోపలున్న పిల్లకు ఊపిరి ఎలా ఆడుతోందో అడగండి. నేనడిగితే మా ఆయన ఊకోమంటాడు. మీరడిగితే వీడియో ఆపి మరీ వింటాడు. కిటికీ కూడా తెరుస్తాడు.